థాయ్ విద్యార్థులు విదేశీయులతో ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు నోరు ఎక్కడ ఆగిపోతుంది?

విభాగం: భాషా బోధన / ఆగ్నేయాసియా

ప్రశ్నల_పుట్ట రాశారు:

బ్యాంకాక్‌లో రెండో ఏడాది డిగ్రీ పిల్లలు 24 మంది, ఇంగ్లీషు మెయిన్ కాదు. ఎక్స్చేంజి మీద వచ్చిన విదేశీ విద్యార్థులు 8 మంది. వీళ్ళిద్దరినీ కలిపి వారానికో గంట సంభాషణ తరగతి నడపాలి. పనిలో పనిగా, ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఈ పిల్లలకి లోపల ఏమనిపిస్తుంది, తమని తాము ఎవరిగా అనుకుంటారు అన్నదాని మీద చిన్న పరిశోధన కూడా రాయాలి. రాతపరీక్ష బాగా రాసినవాళ్ళు కూడా విదేశీయుడు ఎదురుపడితే "యెస్, యెస్" అని నవ్వి ఊరుకుంటారన్నది అక్కడ అందరూ చెప్పే మాటే. తరగతి ఎలా నడపాలి? పరిశోధన ఎక్కడ బెడిసికొడుతుంది? థాయ్‌లాండ్ తెలిసినవాళ్ళు చెప్పండి. "వాళ్ళకి బిడియం ఎక్కువండీ" అనే ఒక్క ముక్క జవాబులు మాత్రం వద్దు.

చావ్‌ప్రాయా_గట్టు రాశారు:

ముందు ఎవరికి జంకుతున్నారో తేల్చుకోండి. చాలాసార్లు అది విదేశీయుడు కాదు, పక్క కుర్చీలో కూర్చున్న తోటి థాయ్. ఈ ఒక్కటీ పట్టుకుంటే తరగతి ప్రణాళికే మారిపోతుంది. దాని సంగతి తర్వాత.

థాయ్‌లో నోరు విప్పేలోపే ఎదుటివాళ్ళు తనకంటే పెద్దా చిన్నా అన్నది తేలిపోవాలి. "నేను" అనడానికి అబ్బాయి మర్యాదగా "ఫొమ్" అంటాడు. అమ్మాయి టీచరు దగ్గర "నూ" అంటుంది, ఈడువాళ్ళ దగ్గర "రావ్" అంటుంది, లేదా తన ముద్దుపేరుతోనే తన గురించి చెప్పుకుంటుంది. తనకంటే పెద్దయితే "పీ", చిన్నయితే "నోంగ్". వాక్యం చివర అబ్బాయి "ఖ్రప్", అమ్మాయి "ఖా" తగిలించకపోతే మాట మొరటుగా ఉంటుంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఇవన్నీ ఊడిపోయి "ఐ", "యూ" మిగులుతాయి. ప్రొఫెసరునీ "యూ", కాఫీ అమ్మే కుర్రాణ్ణీ "యూ". అందుకే "థాంక్యూ ఖా", "ఓకే ఖ్రప్", "సారీ నా" అని తోకలు వచ్చి చేరతాయి. "ప్లోయ్ నాట్ అండర్‌స్టాండ్" అని ఒక అమ్మాయి తన పేరుతో తనే చెప్పుకుంటే విదేశీయుడికి చిన్నపిల్ల మాటలా తోస్తుంది. ఆ అమ్మాయి మాత్రం మర్యాదగా మాట్లాడాననే అనుకుంటుంది. మొదటి నాలుగు వారాలు ఈ తోకల్ని దిద్దకండి. దిద్దారా, మర్యాద కూడా పోయింది, ఇక మాట్లాడి ఏం లాభం అనుకుంటారు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, పరిశోధనలో జనం మరిచిపోయేది అదే. కొందరికి ఆ "ఐ" పెద్ద వెసులుబాటు. థాయ్‌లో ఆజాన్‌తో (యూనివర్సిటీ టీచరుని అలా పిలుస్తారు) "నేను ఒప్పుకోను" అనలేని పిల్ల ఇంగ్లీషులో "ఐ డోంట్ అగ్రీ" అనేస్తుంది. ప్రేమ, కోపం, ఇంట్లో గొడవ లాంటివి ఇంగ్లీషులో తేలిగ్గా వస్తాయని చెప్పేవాళ్ళూ ఉంటారు. కాబట్టి మీ ప్రశ్నావళి భయం ఒక్కదాన్నే కొలిస్తే సగం కథే చిక్కుతుంది.

వ్యాకరణం_వద్దు రాశారు:

ప్రతిదానికీ సంస్కృతి అంటే ఎలా గట్టుగారూ? 1996 నుంచి అక్కడ ఒకటో తరగతిలోనే ఇంగ్లీషు తప్పనిసరి. పన్నెండేళ్ళు చదివి కాలేజీకి వస్తారు. ప్రభుత్వ బడుల్లో తరగతికి 40 మంది దాటడం మామూలు, పాఠం చెప్పేది థాయ్‌లో, పరీక్షంటే ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం. జాతీయ పరీక్ష ఓ-నెట్‌లో నోరు విప్పాల్సిన పనే లేదు. 2012ని ఇంగ్లీషు మాట్లాడే సంవత్సరం అన్నారు, 2014లో భాష ఎంత వచ్చో కొలిచే ఐరోపావాళ్ళ సీఈఎఫ్ఆర్ కొలమానం తెచ్చుకున్నారు. అయినా ఈఎఫ్ అనే సంస్థ ఇచ్చే ఇంగ్లీషు సామర్థ్య సూచీలో 2024లో 116 దేశాలకు 106వ స్థానం. పిల్లలు మాట్లాడలేకపోవడానికి మాట్లాడించకపోవడమే కారణం. "పీ", "నోంగ్" మధ్యలో ఎందుకు?

చావ్‌ప్రాయా_గట్టు రాశారు:

బడుల గురించి మీరన్నది నిజమే, కాదనను. సూచీని మాత్రం పక్కన పెట్టండి. దాని పరీక్ష రాసేది ఇంటర్నెట్‌లో తమంతట తాము వచ్చినవాళ్ళు, పైగా 2024 లెక్క చదవడం, వినడం మీద కట్టింది. ఇక్కడ మనం మాట్లాడటం గురించి కదా.

ఇంకోటి. బ్యాంకాక్ ఛతుచక్ సంతలో, పత్తాయా బీచిలో సామాన్లు అమ్మేవాళ్ళని చూడండి. క్రియ లేదు, కాలం లేదు, కాలిక్యులేటర్ మీద ధర చూపిస్తూ గలగలా బేరమాడతారు. వాళ్ళలో చాలామంది చదివింది ఈ డిగ్రీ పిల్లలకంటే తక్కువే. ఇంగ్లీషు రాకపోవడమే కారణమైతే ముందు నోరు మూసుకోవాల్సింది వాళ్ళే. అక్కడ మార్కులు వేసేవాడు లేడు, "చదువుకున్నావు కదా, ఇదేనా నీ ఇంగ్లీషు" అనేవాడూ లేడు. డిగ్రీ విద్యార్థి నోరు విప్పితే తన చదువంతా పణంగా పెట్టినట్టే.

వ్యాకరణం_వద్దు రాశారు:

సంత ఉదాహరణ బాగుంది, ఒప్పుకుంటాను. కానీ సంతవాళ్ళ మాటలు యాభై వాక్యాలు దాటవు, రోజూ అవే. అలవాటు కూడా ఒక కారణమే. అది మాత్రం వదలను.

ధ్వని_దుకాణం రాశారు:

ఇద్దరూ ఉచ్చారణని వదిలేశారు. "నేనెవరు" అన్నది అక్కడే బాగా బయటపడుతుంది.

థాయ్‌లో మాట చివర వచ్చే హల్లులు కొన్నే. ప, త, క లాంటివి వస్తాయి కానీ పెదవో నాలుకో మూసుకుని ఆగిపోతాయి, గాలి బయటికి వదలరు. చివర "ల" ఉంటే "న" అవుతుంది, "స" ఉంటే "త" అవుతుంది. అందుకే ఫుట్‌బాల్ "ఫుత్‌బాన్", సెంట్రల్ "సెన్‌ట్రన్", బస్ "బత్". "ఆయ్" లాంటి జంట అచ్చు తర్వాత వచ్చే హల్లు తరచు మాయమే. వైన్ "వాయ్", ఫైవ్ "ఫాయ్", అందరి ఫోన్లలో ఉండే లైన్ యాప్ "లాయ్". మాట మొదట్లో "స్క", "స్ట" వస్తే మధ్యలో చిన్న "అ" దూరుతుంది. పైగా థాయ్‌లోకి వచ్చిన ప్రతి ఇంగ్లీషు మాటకీ ఒక స్వరం స్థిరపడిపోయి ఉంటుంది, అది మార్చి పలికితే అక్కడివాళ్ళకి అర్థం కాకపోవచ్చు.

ఇప్పుడు చిక్కు చూడండి. బ్యాంకాక్‌లో టాక్సీ ఎక్కి సెంట్రల్ మాల్‌కి పోవాలంటే "సెన్‌ట్రన్" అనాలి, ఇంగ్లీషువాడిలా పలికితే డ్రైవరుకి తెలియదు. అదే మాట ఆస్ట్రేలియావాడితో "సెన్‌ట్రన్" అంటే వాడికి తెలియదు. అంటే పిల్లల దగ్గర ప్రతి మాటకీ రెండు పలుకుబడులుంటాయి. విదేశీయుడొక్కడే ఉంటే ఒకటి, థాయ్‌వాళ్ళే ఉంటే ఇంకొకటి. ఒకే బల్ల దగ్గర ఇద్దరూ కూర్చుంటే? ఇంగ్లీషు పద్ధతిలో పలికితే తోటివాళ్ళు "దత్ జరిత్" అంటారు, అంటే మనం "పోజులు కొడుతున్నాడు" అనే లాంటిది. థాయ్ పద్ధతిలో పలికితే విదేశీయుడు "సారీ?" అంటాడు. ఈ రెండింటి మధ్య నలిగి గొంతు తగ్గిపోతుంది. గొంతు తగ్గేసరికి మాట చివరి హల్లులు, ఆ ఉన్న కాస్తా, వినపడవు. విదేశీయుడు మళ్ళీ "సారీ?" అంటాడు. రెండో "సారీ" దగ్గర చాలామంది వదిలేస్తారు.

థాయ్ పిల్లలకి పాఠం చెప్పే తెలుగువాళ్ళకి ఓ మాట. మనం మాట చివర "ఉ" పెట్టేస్తాం, బస్సు, హౌసు అని. వాళ్ళు మింగేస్తారు. మీరు పలికి చూపిస్తే వాళ్ళు రెండు అక్షరాలు వింటారు. చివరి "స" నేర్పాలంటే మీ గొంతుకంటే రికార్డింగ్ మేలు. అన్ని ధ్వనులూ దిద్దొద్దు. చివరి స, ట, ల, జంట అచ్చు తర్వాతి హల్లు, ఈ నాలుగూ చాలు. సంఖ్యలు, ధరలు చెప్పేటప్పుడు అర్థం చెడిపోయేది వీటివల్లే. "ర"ని "ల" అన్నా, "వ" ధ్వని తేడా వచ్చినా సందర్భంలో తెలిసిపోతుంది, వదిలెయ్యండి.

పింగ్_ఒడ్డు రాశారు:

గంట తరగతికి ఒక పద్ధతి ఇది, ఒకే విషయాన్ని నాలుగు, మూడు, రెండు నిమిషాల్లో మనిషి మార్చి మళ్ళీ మళ్ళీ చెప్పించే పాత పద్ధతినే థాయ్ పరిస్థితికి కొంచెం మార్చింది.

మొదటి 20 నిమిషాలు విదేశీ విద్యార్థులు గదిలో ఉండకూడదు. పక్కగదిలో కూర్చోబెట్టి వాళ్ళకి కింద చెప్పబోయే సూచనలు ఇవ్వండి. ఈలోపు 24 మందీ 12 జంటలు. ఒక విషయం, ఉదాహరణకి తమ ఊళ్ళో దొరికే తిండి. అరచేతంత కార్డు మీద ఆరు మాటలే రాసుకోవాలి, వాక్యాలు రాయకూడదు. వాక్యాలు రాయనిస్తే బట్టీ కొడతారు, అక్కడ చిన్నప్పటినుంచి చదువంతా అదే కాబట్టి. బట్టీ కొట్టినవాడు విదేశీయుడు మధ్యలో ఒక్క ప్రశ్న వేస్తే చతికిలపడతాడు. ఒకరికొకరు నాలుగేసి నిమిషాలు చెప్పుకున్నాక జంట మార్చి మూడేసి నిమిషాలు. అప్పుడు విదేశీయులు లోపలికి. ఒక్కొక్కరి దగ్గర ముగ్గురు, తలా రెండు నిమిషాలు, ఆ తర్వాత రెండు ప్రశ్నలు. ఇక్కడికి 38, 40 నిమిషాలు అవుతాయి. తర్వాత పది నిమిషాలు పాత్రలు తిరగెయ్యండి, థాయ్ పిల్లలే విదేశీయుణ్ణి ప్రశ్నలడగాలి. చివర్లో మీరు విన్న తప్పుల్లో మూడు, ఎవరివో చెప్పకుండా బోర్డు మీద.

నిమిషాలు తగ్గేకొద్దీ వేగం పెరిగి చివరి హల్లులు ఇంకా మింగేస్తారు. రెండు నిమిషాల గంట కొట్టగానే కత్తిరించకుండా వాక్యం పూర్తి చెయ్యనివ్వండి.

విదేశీయులకి చెప్పాల్సినవి: అడిగాక నాలుగైదు సెకన్లు ఆగాలి, తొందరపడి ప్రశ్న మార్చి మళ్ళీ అడిగితే లోపల కట్టుకున్న వాక్యం కూలిపోతుంది. "డు యూ అండర్‌స్టాండ్?" అడగొద్దు, దానికి జవాబు ఎప్పుడూ "యెస్"యే. నవ్వితే సంతోషమనుకోవద్దు, తెలియనప్పుడూ క్షమాపణకీ అక్కడ నవ్వే. "హౌ ఓల్డ్ ఆర్ యూ?", "వేర్ యూ గో?", "యూ ఈట్ ఆల్రెడీ?" అని అడిగితే ఆరా తీస్తున్నారనుకోవద్దు. వయసు తెలిస్తే ఎలా పిలవాలో తెలుస్తుంది, మిగతా రెండూ పలకరింపులు. (మన పాఠకులకి ఇది వేరే చెప్పనక్కర్లేదు, "ఎక్కడికి, భోజనమైందా" అనకుండా మనకి పూట గడవదు.)

చావ్‌ప్రాయా_గట్టు రాశారు:

పద్ధతి బాగుంది కానీ ఒక చిల్లు ఉంది. ఒకళ్ళు విదేశీయుడితో మాట్లాడుతుంటే అదే బల్ల దగ్గర మిగతా ఇద్దరూ చూస్తూ కూర్చుంటారు. నేను మొదట అన్న సమస్య మళ్ళీ వచ్చి కూర్చున్నట్టే.

పింగ్_ఒడ్డు రాశారు:

నిజమే. అయితే బల్ల తీసెయ్యండి. గోడ వెంబడి ఎనిమిది జతల కుర్చీలు, ఒక్కో జతకీ మధ్య రెండు మీటర్లు. మిగతా 16 మందీ గదికి అవతలి వైపు, గోడకి వీపు కాకుండా మొహం పెట్టి, విదేశీయుణ్ణి అడగాల్సిన ప్రశ్నలు రాసుకుంటూ ఉంటారు. ఎనిమిది సంభాషణలు ఒకేసారి నడిస్తే గది గోలగా ఉంటుంది. ఆ గోలే కావాలి, ఎవరి తప్పు ఎవరికీ వినపడదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్కణ్ణి నిలబెట్టి మాట్లాడించడమంత చెడ్డ పని ఇంకోటి లేదు.

సీనియర్లని కలపకండి. అక్కడి యూనివర్సిటీల్లో సీనియర్ అంటే మామూలు విషయం కాదు, "పీ" ఉన్నచోట "నోంగ్" తనకంటే బాగా మాట్లాడి చూపించడు.

సందేహం_సుబ్బారావు రాశారు:

ఒక చిన్న ప్రశ్న. "యెస్" అంటే అర్థం కాకపోయినా యెస్సేనా? "యూ డోంట్ అండర్‌స్టాండ్?" అని అడిగితే?

ధ్వని_దుకాణం రాశారు:

అక్కడా "యెస్"యే, "అవును, అర్థం కాలేదు" అని. మనమూ "అర్థం కాలేదా?" అంటే "ఆఁ, కాలేదు" అంటాం కదా. ఇంగ్లీషువాడికి అది తలకిందులు. అందుకే "కాదు, లేదు" ఉన్న ప్రశ్నలే వెయ్యొద్దు. "ఇదా, అదా?" అని రెండు చూపించి అడగాలి. ఇది ప్రశ్నావళిలో కూడా ముంచుతుంది, ఎవరైనా పరిశోధన తెలిసినవాళ్ళు చెప్పండి.

నమూనా_పత్రం రాశారు:

చెప్తాను. విదేశీ భాషా తరగతిలో ఆందోళన కొలవడానికి అందరూ వాడేది 1986లో హార్విట్జ్ బృందం ఇచ్చిన కొలమానం. 33 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5, మొత్తం 33 నుంచి 165. అందులో 9 వాక్యాలకి మార్కులు తిరగేసి లెక్కపెట్టాలి. రెండో వాక్యమే "తప్పులు చేస్తానని నేను బెంగపడను" అని ఉంటుంది. కాదన్న వాక్యాన్ని ఒప్పుకోవడమా, కాదనడమా అన్నదగ్గర థాయ్‌లో తడబాటు ఖాయం. అసలు అధ్యయనానికి ముందు ఆ తొమ్మిదింటినీ ఐదారుగురి చేత చదివించి, ఏమర్థమైందో నోటితో చెప్పించుకోండి. అనువాదాన్ని వేరొకరి చేత మళ్ళీ ఇంగ్లీషులోకి చేయించి పోల్చడం మామూలుగా చేసేదే. 24 మందితో వచ్చిన సగటుతో మాత్రం ఏమీ రుజువు చెయ్యబోకండి, మొదటి వారం, చివరి వారం బొమ్మగా చూపిస్తే చాలు.

మీ అసలు సరుకు ఇంటర్వ్యూలు. అవి థాయ్‌లోనే జరగాలి. ఇంగ్లీషులో "హౌ డు యూ ఫీల్?" అంటే "హ్యాపీ", "షై", "ఓకే", అంతే. అడిగేది మార్కులు వేసే ఆజాన్ కాకూడదు. పిల్లలకంటే మూడు నాలుగేళ్ళు పెద్దయిన పీజీ విద్యార్థి అయితే "పీ" అని పిలిచి చనువుగా చెప్తారు. ఆజాన్ ఎదురుగా కూర్చుంటే ఆయన వినాలనుకున్నదే చెప్తారు, దాన్ని వాళ్ళు "క్రేంగ్‌జాయ్" అంటారు, ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదన్న వెనకడుగు.

ఎప్పుడు అడగాలి? సంభాషణని వీడియో తీసి, 48 గంటలు దాటకముందే వాళ్ళకే చూపిస్తూ, ఆగిపోయిన చోట ఆపి, "ఇక్కడ ఏమనుకున్నావు?" అనండి. "ఏమనిపించింది?" కంటే ఇది నయం. వారం పోయాక అడిగితే గుర్తున్నది కాకుండా బాగుందనిపించినది చెప్తారు.

జవాబుల్ని రకాలుగా విడదీసి సంకేతాలు వేసేటప్పుడు ఒక ఉచ్చు ఉంది, చాలామంది పడతారు. "తున్‌తెన్" అనే థాయ్ మాట ఉత్సాహానికీ గుండె దడకీ రెండింటికీ వాడతారు. ఇంగ్లీషులో దాన్ని "ఎక్సైటెడ్" అంటారు, లేకపోతే "ఐ యామ్ ఎక్సైటింగ్". మీరు దాన్ని సంతోషం గడిలో వేస్తే లెక్కంతా తారుమారు. అలాగే "ఆయ్" అనే సిగ్గులో తలవంపు ఉంది, "ఖొయెన్" అనే సిగ్గు ఎవరైనా మెచ్చుకున్నా వస్తుంది. విదేశీయుడు "యువర్ ఇంగ్లీష్ ఈజ్ గుడ్" అన్నప్పుడు తల దించుకున్న పిల్లని ఆందోళన ఖాతాలో రాయకండి.

ప్రశ్నల_పుట్ట రాశారు:

చాలా ఉపయోగంగా ఉంది. రెండు సందేహాలు మిగిలాయి. విదేశీ విద్యార్థుల్లో ఇద్దరు భారతీయులు, ఒకరు ఫిలిప్పీన్స్, మిగతావాళ్ళు ఐరోపా. తేడా ఉంటుందా? పరిశోధనలో రాసేటప్పుడు పిల్లల పేర్లు ఎలా మార్చాలి?

చావ్‌ప్రాయా_గట్టు రాశారు:

ఉంటుంది. తెల్లవాళ్ళు "ఫరాంగ్", మనవాళ్ళు "ఖేక్", అరబ్బులనీ అదే మాటతో పిలుస్తారు. అసలైన ఇంగ్లీషు ఫరాంగ్‌దే అన్న నమ్మకం గట్టిది, టీచరు ఉద్యోగాల్లో కూడా కనపడుతుంది. అందుకని మొదటి వారం భారతీయుల యాస అర్థం కాలేదని ఫిర్యాదు రావచ్చు. రెండో వైపు, తనలాగే ఇంగ్లీషు నేర్చుకుని మాట్లాడేవాడి ముందు తప్పులకి అంత జంకరు. కాబట్టి మొదటి రెండు వారాలు మితభాషులైన పిల్లల్ని ఆ ముగ్గురి దగ్గరికి పంపండి, తర్వాత తిప్పండి. ఎవరు ఎవరితో కూర్చున్నారో ప్రతివారం రాసిపెట్టుకోండి, లేకపోతే పరిశోధనలో ఈ తేడా తేల్చలేరు. మనవాళ్ళకి ముందే చెప్పండి, మన వేగానికి వాళ్ళు తట్టుకోలేరు. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకోమనండి.

నమూనా_పత్రం రాశారు:

పేర్ల సంగతి. ముద్దుపేరు మార్చకుండా వెయ్యొద్దు, 24 మంది తరగతిలో ముద్దుపేరూ సబ్జెక్టూ తెలిస్తే మనిషి తెలిసిపోతాడు. "విద్యార్థి 7" అని రాస్తే చదివేవాడికి మనుషులు కనపడరు. అక్కడ బ్యాంక్, గోల్ఫ్, ఐస్, మింట్ లాంటి ఇంగ్లీషు ముద్దుపేర్లు సర్వసాధారణం. ఆ తరగతిలో ఎవరికీ లేని పేరు వాళ్ళనే ఎంచుకోమనండి. ఇంగ్లీషు పేరు ఎంచుకున్నారా, థాయ్ పేరా, ఎందుకు అని ఒక వాక్యం రాయించుకుంటే అది కూడా మీకు పనికొచ్చే సమాచారమే. అంగీకార పత్రం థాయ్‌లో ఉండాలి, పాల్గొనకపోయినా మార్కులు తగ్గవని మొదటి పేరాలోనే ఉండాలి, సంతకం తీసుకునేటప్పుడు మీరు గదిలో ఉండకూడదు. వీడియోకి విడిగా ఇంకో సంతకం. అందులో విదేశీ విద్యార్థులూ కనిపిస్తారు కాబట్టి ఆ ఎనిమిది మంది దగ్గరా తీసుకోండి, ఇది మరిచిపోయి యూనివర్సిటీ నైతిక సంఘం దగ్గర కాగితాలు ఆగిపోవడం తరచు జరిగేదే.

వ్యాకరణం_వద్దు రాశారు:

మూడో వారానికి ఒకటి చేర్చండి. ఆపడానికి, మళ్ళీ అడగడానికి నాలుగు వాక్యాలు: "వన్ మినిట్ ప్లీజ్", "కెన్ యూ సే దట్ అగైన్?", "డు యూ మీన్...?", "లెట్ మీ థింక్". ప్రతి తరగతిలో ఒక్కొక్కరూ రెండైనా వాడాలని నియమం పెట్టండి. నియమం టీచరు పెట్టింది కాబట్టి అడ్డుపడటం తన తప్పు కాదు. సంస్కృతి అన్నారుగా, అది మనకి పనికొచ్చేది ఇక్కడే.